చెకుముకి రాయి, చిటికెడు రంజకం

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు ఒక ప్రత్యేకమైన వేట కాలం మొదలవుతుంది. జింకను కొట్టవచ్చు గానీ చెకుముకి రాయితో నిప్పు పుట్టించే తుపాకితోనే కొట్టాలి. 1974 నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. చాలా రాష్ట్రాల్లో పాతకాలపు తుపాకుల సీజన్ అంటే పెర్కషన్ క్యాపు (దెబ్బకు పేలే చిన్న లోహపు టోపీ) పెట్టి పేల్చేవి కూడా చెల్లుతాయి. ఇక్కడ చెల్లవు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింక మీద తుపాకి ఎత్తడమే నేరం. అక్కడ తెల్లతోక జింకల్ని లైసెన్సు తీసుకుని, ప్రభుత్వం పెట్టిన లెక్కకు లోబడి వేటాడతారు. వేట మంచిదా చెడ్డదా అన్న వాదం వేరు. ఆ తుపాకి పనితనం మాత్రం విప్పి చూడదగ్గది.

ట్రిగ్గర్ నొక్కాక గుండు బయటికి వచ్చేలోగా ఇందులో అయిదారు పనులు వరస తప్పకుండా జరగాలి. బాగా కుదిరిన లాకులో (నిప్పు పుట్టించే యంత్రాంగంలో) అవన్నీ కలిపి సెకనులో పదో వంతు లోపే ముగుస్తాయి. ఆ కాస్త వ్యవధిని ఇంకాస్త కుదించడానికే తరతరాల పనివాళ్ళు తమ తెలివంతా ధారపోశారు.

ముందు లాకు సంగతి. పైన కనిపించేది సుత్తి. దాని రెండు దవడల మధ్య తోలుముక్క చుట్టిన చెకుముకి రాయిని మరతో బిగిస్తారు. తోలు లేకుండా ఉత్త ఇనుములో బిగిస్తే రాయి జారుతుంది, లేదా దెబ్బకు పగులుతుంది. సుత్తికి ఎదురుగా ఉక్కు పలక ఒకటి నిలబడి ఉంటుంది. దాన్ని ఫ్రిజెన్ అంటారు. పక్కనుంచి చూస్తే ఎల్ అక్షరంలా వంగిన ముక్క. నిలువు భాగం రాయి దెబ్బ తినడానికి, అడ్డ భాగం రంజకం (మొదట అంటుకునే సన్నటి మందు) పోసే గిన్నెకు మూతగా ఉండడానికి. అంతకుముందు తుపాకుల్లో మూత వేరు, ఉక్కు పలక వేరు. రెండింటినీ ఒకే ముక్కగా చేసిన ఘనత 17వ శతాబ్దం తొలి ఏళ్ళలో పనిచేసిన మారిన్ ల బూర్జ్వా అనే ఫ్రెంచి పనివాడికి ఇస్తారు. చూడ్డానికి చిన్న మార్పే. కానీ దాంతో నిప్పు పుట్టించే కదలికే గిన్నె మూతను కూడా తెరుస్తుంది. అప్పటిదాకా రంజకం గాలికి ఎగిరిపోదు, చినుకుకు తడవదు.

నిప్పు రాయిలోంచి వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి రాయి వాదర ఫ్రిజెన్ పైభాగాన తగిలి కిందికి గీరుకుంటూ, చిత్రిక పట్టినట్టు ఉక్కు పొరల్ని లేపుతుంది. ఆ రాపిడికి కాగిన ఉక్కు రజను గాల్లోని ఆక్సిజన్ తగిలి మండుతుంది. అంటే గిన్నెలో పడేవి మండే ఉక్కు నలుసులు. రాబర్ట్ హుక్ 1665లో అచ్చువేసిన సూక్ష్మదర్శిని పుస్తకంలో ఈ నిప్పురవ్వల్ని పరిశీలించి, అవి కరిగి గుండ్రబడిన లోహపు కణాలని చూపించాడు. అందుకే ఫ్రిజెన్ ముఖానికి పదును పెట్టడం లాకు పనిలో కష్టమైన ఘట్టం. మెత్తగా ఉంటే రాయి దిగబడి ఆగిపోతుంది, రవ్వలు రాలవు. మరీ గట్టిపడితే రాయి జారుతుంది, ఒక్కోసారి ఫ్రిజెనే బీటలు వారుతుంది. దాని కింది స్ప్రింగు బిగువు కూడా అంతే. వదులైతే రాయి సరిగా గీరకముందే ఫ్రిజెన్ ఎగిరి వెనక్కి పడుతుంది. బిగువెక్కువైతే రాయి ముక్కలవుతుంది.

ఇంకా అందమైనదంతా లోపలే ఉంది. సుత్తి ఇరుసుకు లోపలివైపు టంబ్లర్ అనే చక్రపు ముక్క ఉంటుంది. దానికి రెండు గాట్లు. ఒకటి సుత్తిని సగం ఎత్తులో భద్రంగా నిలపడానికి, రెండోది పూర్తిగా ఎత్తి పట్టడానికి. గాట్లలో పడే కొక్కెం పేరు సియర్. ట్రిగ్గర్ ఆ సియర్‌నే లేపుతుంది. వెంట్రుకవాసి తాకిడికే తుపాకి పేలాలని వేటగాళ్ళు రెండు ట్రిగ్గర్ల అమరిక కోరుకునేవారు. వెనకది నొక్కితే ముందరిది అతి తేలికవుతుంది. కానీ ఆ అమరిక సియర్‌ను ఒక్క తాపు తన్ని వదిలేస్తుంది, పట్టి ఉంచదు. సుత్తి పడిపోతుండగా సియర్ మళ్ళీ కిందికి వచ్చి సగం గాటులో చిక్కుకుంటుంది. దీనికి విరుగుడుగా టంబ్లర్ మీద మినపగింజ కన్నా చిన్న కదిలే ముక్కను పెట్టారు. సుత్తి పడేటప్పుడు అది సగం గాటును కప్పి సియర్‌ను దాటిస్తుంది. ఎత్తేటప్పుడు తనంతట తనే పక్కకు తొలగుతుంది. ఏ చేయీ తాకకుండా, వెళ్ళే దిక్కును బట్టి పని మార్చుకునే ముక్క! ఈ తుపాకి మొత్తంలో నా ఓటు దీనికే.

మెయిన్ స్ప్రింగులోనూ ఇలాంటి కిటుకు ఉంది. సుత్తిని వెనక్కి లాగుతుంటే స్ప్రింగు బిగువు పెరుగుతుంది. కానీ అది టంబ్లర్‌ను నొక్కే చోటు ఇరుసుకు దగ్గరవుతూ వస్తుంది. అందుకని మంచి లాకులో సుత్తి మొదట బరువుగా కదిలి, చివర తేలికపడుతుంది. పడేటప్పుడు వరస తిరగబడి, రాయి ఉక్కును తాకే వేళకు బలం నిండుగా అందుతుంది.

గిన్నెలోని మంట గొట్టంలోని మందును చేరే దారి ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు బెజ్జం. దాన్ని మందుతో కూరితే వత్తిలా మెల్లగా కాలుతుంది. ఖాళీగా ఉంచితే రంజకపు మంట నేరుగా లోపలికి దూకుతుంది. అందుకే తెలిసిన వేటగాడు మందు పోశాక సన్నటి తీగతో ఆ బెజ్జం పొడిచి చూసుకుంటాడు.

గొట్టం చరిత్ర జర్మనీ నుంచి వచ్చింది. అక్కడి పొట్టి, పెద్ద నోటి తుపాకుల పనితనంతో వచ్చిన వలసదారులు పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతంలో గొట్టాన్ని సాగదీసి, నోటిని తగ్గించారు. జేకబ్ డికర్ట్ వాళ్ళలో పేరున్నవాడు. అడవుల్లో సీసం, మందు దొరకడం కష్టం. 60 కాలిబర్ (అంగుళంలో వందో వంతుల్లో నోటి కొలత) తుపాకికి పౌను సీసంతో 22 గుళ్ళ దాకా వస్తే, 45 కాలిబర్‌కు 50 దాటి వస్తాయి. ఇనప పట్టీని కడ్డీ చుట్టూ వంచి, కొలిమిలో కాల్చి, కొంచెం కొంచెంగా అతికి గొట్టం చేసేవారు. తర్వాత లోపల మెలిక గాడులు తీయాలి. మెలికలు చెక్కిన పొడవాటి కొయ్య దూలాన్ని ముందుకూ వెనక్కూ లాగితే, దాని కొసనున్న చిన్న రంపపు పన్ను అదే మెలికలో లోపల గీరుతుంది. ఒక్కో లాగుడుకు రాలేది ఇనప పొడే. పన్ను ఇక కోయడం మానేస్తే దాని కింద కాగితం ముక్క పెట్టి, ఆ మందం మేర పైకి లేపేవారు. ఇలా ఏడో ఎనిమిదో గాడులు. లోతుకు కొలత ఆ కాగితమే.

గుండు ఆ గాడుల్ని తాకదు. 50 కాలిబర్ గొట్టంలో 0.490 అంగుళాల సీసపు గుండును జిడ్డు రాసిన గుడ్డముక్కలో చుట్టి, గజం కడ్డీతో దిగగొడతారు. గాడుల్ని పట్టుకుని గుండును తిప్పేది గుడ్డే. నోరు దాటగానే విడిపోయి కొన్ని అడుగుల దూరంలో పడుతుంది. గురి చూసుకునే రోజుల్లో వేటగాడు దాన్ని ఏరి తెచ్చి పరీక్షిస్తాడు. అంచులు చీలితే నోటి దగ్గర వాదర మిగిలిందని, మధ్యలో మాడితే గుడ్డ పలచనైందని తెలుస్తుంది.

ఈ తుపాకుల చారల మేపుల్ కర్ర, ఇత్తడి పెట్టె, వెండి చెక్కడాల గురించి ఎందరో రాశారు. కొన్నిటిలో అలంకారం మోతాదు మించిందనే నాకనిపిస్తుంది.

ఇంత కూర్పునూ మంచు కురిసే అడవిలోకి తీసుకెళ్ళడం ఇంకో విద్య. లాకు మీద జిడ్డు పట్టించిన తోలు కప్పుతారు. తేమకు ముద్దకట్టిన రంజకాన్ని తుడిచి కొత్తది పోస్తారు. మొహం ముందు మంట లేచినా, గుండు వెళ్ళేదాకా గురి కదలకూడదు. పేలాక పొగలో జింక కనిపించదు. రెండో గుండు ఎక్కించడం నిమిషాల మీది మాట కాబట్టి దగ్గరి నుంచి, తప్పదనుకున్నప్పుడే కాలుస్తారు.

తుపాకిమందు మసి తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. ఆ సాయంత్రమే వేడినీళ్ళతో గొట్టం కడగాలి. పాత పనివాళ్ళకు ఇదీ తెలుసు. లాకు ఎంత చిక్కుగా ఉన్నా, దాన్ని కర్రకు పట్టి ఉంచేవి రెండే మరలు. అవి విప్పితే మొత్తం చేతిలోకి వస్తుంది.