బ్రతికి ఉన్న చేప ఏమి ఋజువు చేస్తుంది?

చెరువులో చేపలు వెల్లకిలా తేలితే నీరు చెడినదని పల్లెలో చిన్నపిల్లవానికి కూడ తెలుసు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమావళిలోని చేపల పరీక్షకు ఆధారం కూడ ఇంచుమించు ఇదే. ఫాక్టరీ విడిచే నీటిని పలుచన చేయకుండా, అందులో చేపలను 96 గంటలు ఉంచాలి. నూటికి 90 బ్రతికితే ఆ నీరు పరీక్షలో నెగ్గినట్లే. సయనైడు, అమ్మోనియా వంటి చురుకైన విషాలను పట్టుకొనడానికి ఇది మంచి సాధనం. కాని మందుల ఫాక్టరీల నీటి విషయంలో ఈ పరీక్ష అడిగే ప్రశ్నే చాలదు. మందు అన్నది ప్రాణం తీయడానికి తయారైన వస్తువు కాదు. స్వల్ప మోతాదులో శరీర ధర్మాన్ని మార్చడానికి తయారైనది. మనుష్యునిలో అది పట్టుకొనే గ్రాహకాల వంటివి చేపలలోను అనేకం ఉన్నవి.

ఈ లోపాన్ని బయటపెట్టిన ప్రయోగాలలో మేలైనది కెనడాలో జరిగినది. ఆంటారియో వాయవ్య భాగంలో పరిశోధనకై కేటాయించిన సరస్సులు కొన్ని ఉన్నవి. వాటిలో 260వ సంఖ్య గల సరస్సులో కారెన్ కిడ్, ఆమె సహచరులు 2001 నుండి 2003 వరకు ఇథినైల్ ఎస్ట్రాడయోల్ కలిపినారు. ఇది గర్భనిరోధక మాత్రలలో వాడే కృత్రిమ స్త్రీ హార్మోను. నీటిలో దాని మట్టం లీటరుకు 5, 6 నానోగ్రాములు మాత్రమే. నానోగ్రాము గ్రాములో నూరు కోట్లవ వంతు.

ఆడచేప గుడ్లు కట్టే కాలంలో దాని కాలేయం వైటెల్లోజెనిన్ అనే ప్రోటీనును తయారుచేస్తుంది. గుడ్డులోని పచ్చసొనకు అదే మూలద్రవ్యం. ఆ జన్యువు మగచేపలోను ఉన్నది, కాని హార్మోను పిలుపు లేక నిద్రిస్తూ ఉంటుంది. ఆ సరస్సులో మగ మిన్నో చేపల కాలేయాలు కూడ ఆ ప్రోటీనును విపరీతంగా తయారుచేసినవి. కొన్నింటి వృషణాలలో అండకణాలు కనుపించినవి. ఆడచేపలలో గుడ్ల ఎదుగుదల దారి తప్పినది. చేపలు కుప్పలుగా చచ్చి తేలలేదు. పిల్లలు పుట్టలేదు, అంతే. మిన్నో ఆయుర్దాయం కొద్ది సంవత్సరాలే గనుక రెండు మూడు ఋతువులు సంతానం తప్పేసరికి ఆ జాతి సరస్సులో దాదాపు అంతరించినది. 2007లో ఈ ఫలితాలు వెలువడినవి. మిన్నోలను తిని బ్రతికే ట్రౌట్ చేపలు కూడ తగ్గినవని 2014లో ప్రకటించినారు. హార్మోను కలపడం మానిన కొన్ని ఏండ్లకు మిన్నోలు తిరిగి పెరిగినవన్న మాట కూడ చెప్పవలసి ఉన్నది.

ఈ ప్రయోగపు బలం హార్మోనులో లేదు, లెక్కలో ఉన్నది. మందు కలపక పూర్వం, కలుపుతున్నప్పుడు, మానిన తరువాత ఏటేటా చేపలను లెక్కించినారు. మందు కలపని సరస్సులతో పోల్చినారు. అందువల్లనే కాలేయంలో కనుపించిన గుర్తుకూ, జాతి క్షయానికీ నడుమ ఉన్న సంబంధం ఊహగా మిగిలిపోలేదు.

ఈ గీటురాయిమీద పటాన్‌చెరు పరిశోధనలను పెట్టి చూడవలె. అక్కడ సుమారు 90 మందుల ఫాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం విడిచిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని స్వీడన్ దేశీయుడైన లార్సన్, ఆయన సహచరులు 2007లో ప్రకటించినారు. ఆ మందును మాత్రగా మింగిన రోగి రక్తంలో కూడ అంత ఉండదు. 2009లో అటువంటి నీటిని 500 వంతులు పలుచన చేసి రెయిన్‌బో ట్రౌట్ చేపలను అందులో 5 రోజులు ఉంచినారు. కాలేయంలో ఎన్నో జన్యువుల పని మారినది. పరాయి రసాయనాలను విచ్ఛిన్నం చేసే ఒక ఎంజైము చురుకైనది. రక్తంలో ఫాస్ఫేటు పెరిగినది.

ఇంత పలుచనలో ఇంత మార్పు కనుపించడం చిన్న విషయం కాదు. అయినా ఈ సాక్ష్యం ఎంతవరకు వస్తుందో కూడ గుర్తించాలి. ఎంజైము చురుకు కావడం చేప ఆ రసాయనాలను ఎదుర్కొన్నదనడానికి గుర్తు. రోగానికి గుర్తు కానక్కరలేదు. ఆ నీరు అనేక పదార్థాల మిశ్రమం గనుక దోషం దేనిదో ఈ పరీక్ష విడదీయలేదు. పైగా ట్రౌట్ చల్లని నీటి చేప. మంజీర చేపలకు దానిని ప్రతినిధిగా తీసికొనడం వైద్యుడు పొరుగింటివాని నాడి చూచి మందిచ్చినట్లు ఉంటుంది. 260వ సరస్సు ఫలితాన్ని యథాతథంగా ఇక్కడికి దించడమూ అంతే తొందరపాటు. అక్కడ కలిపినది ఒకే హార్మోను, ఇక్కడివి వేరే మందులు.

ఇక్కడికి తెచ్చుకొనవలసినది దాని పద్ధతి. బొచ్చె, రోహు చేపలు వానకాలపు వరదనీటిలో గుడ్లు పెడతవి. నదిలో వాటికి ఏడాదికి దొరికే అదను అదే. ఆ ఋతువులో పుట్టిన పిల్లలు ఎన్ని, మరుసటి ఏడు మిగిలినవి ఎన్ని అన్న లెక్క 96 గంటల తొట్టిలో గాని, 5 రోజుల తొట్టిలో గాని తేలేది కాదు.