జబ్బకు కట్టు కట్టే చేతులు

బూర్గంపాడు వైపు తాటిచెట్టు మీంచో బండి మీంచో పడి జబ్బ ఎముక విరిగితే ఇంట్లో మాట రెండు దారులు పడుతుంది: సారపాక వంతెన దాటి భద్రాచలం ఆసుపత్రికా, నాటు కట్టుకా? వెదురు బద్దలు, కోడిగుడ్డు సొన, ఆకు పసరుతో వేసే పుత్తూరు కట్టు పేరు వినని తెలుగు ఊరు లేదు. ఆ నమ్మకంలో కొంత నిజముంది. జబ్బ ఎముక నడుమ విరిగితే చాలాసార్లు కోత లేకుండానే అతుకుతుంది. 1977లో సార్మియెంటో అనే వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన తొడుగు కండరాలను చుట్టూ సమంగా అదిమి పడుతుంది, చేతి బరువే ఎముకను తిన్నగా లాగుతుంది. కాస్త వంకర మిగిలినా భుజం అన్ని వైపులా తిరిగే కీలు కాబట్టి పని ఆగదు.

అందుకే ఆసుపత్రి కట్టు గదిలోని మనిషంటే నాకు ఎంతో గౌరవం. దూది ఎక్కడ మందంగా వేయాలో, ఎంత బిగించాలో ఆ వేళ్ళకు తెలుసు. ముందుగా మణికట్టు పైకెత్తమంటాడు. మణికట్టును పైకెత్తించే రేడియల్ నరం జబ్బ ఎముకను చుట్టుకునే పోతుంది మరి. సుమారు 10 మందిలో ఒకరికి అది దెబ్బతిని మణికట్టు వాలిపోతుంది, చాలామందికి కొన్ని నెలల్లో కోలుకుంటుంది. ఎముక చర్మం చీల్చుకొస్తే, రక్తనాళం తెగితే మాత్రం ఆపరేషన్ తప్పదు. ఏ కట్టు కిందైనా వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పించాలి, తెల్లారేదాకా ఆగొద్దు.