బంగారు రేణువా, ఆస్మియం జిగురా?

గ్లూకోజ్ సెన్సర్ల చరిత్రలో ఒకే చిక్కును విప్పడానికి ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు రెండు దారులు తొక్కారు. ఒకరు జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన ఇటమార్ విల్నర్. మరొకరు అమెరికాలో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆడమ్ హెలర్. మొదటాయనది అచ్చమైన నానో విద్య. రెండో ఆయనది పైకి చూస్తే ఉత్త జిగురు పని. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, నానో పదార్థాల పేరుతో ఏటా వచ్చిపడే పరిశోధన పత్రాలను ఎలా చదవాలో కూడా తెలుస్తుంది.

ముందు ఆ చిక్కేమిటో చూద్దాం. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ గ్లూకోజ్ నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుని ఆక్సిజన్‌కు అప్పగిస్తుంది. అప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. 1962లో లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ ప్రతిపాదించిన తొలి ఎంజైమ్ ఎలక్ట్రోడ్ ఆక్సిజన్ మీద ఆధారపడింది. కానీ శరీర ద్రవాల్లో గ్లూకోజ్‌తో పోలిస్తే కరిగి ఉన్న ఆక్సిజన్ చాలా తక్కువ. పోనీ పెరాక్సైడ్‌ను కొలుద్దామంటే దాదాపు 0.6 వోల్టులు పెట్టాలి. ఆ వోల్టేజీ దగ్గర విటమిన్ సి, యూరిక్ ఆమ్లం, జ్వరానికి మింగిన పారాసెటమాల్ కూడా ఎలక్ట్రాన్లు వదిలి లెక్కలో దూరిపోతాయి. మధ్యలో ఆక్సిజన్ లేకుండా ఎలక్ట్రాన్లను నేరుగా ఎలక్ట్రోడ్‌కే రప్పిస్తే ఈ బాధలుండవు. అయితే ఎలక్ట్రాన్లు పట్టుకునే ఎఫ్‌ఏడీ అనే భాగం ప్రోటీన్ లోపల ఒక నానోమీటరుకు పైగా లోతులో కూర్చుని ఉంది. అంత దూరం ఎలక్ట్రాన్ దానంతట అది దూకలేదు.

విల్నర్ బృందం 2003లో సైన్స్ పత్రికలో చూపిన పరిష్కారం చదువుతుంటే అసూయ పుడుతుంది. ఎంజైమ్‌లోంచి ఎఫ్‌ఏడీని ఊడదీశారు. 1.4 నానోమీటర్ల బంగారు రేణువుకు ఎఫ్‌ఏడీని అతికించి, ఖాళీ అయిన ప్రోటీన్‌ను మళ్లీ దాని చుట్టూ కుదురుకోనిచ్చారు. ఆ రేణువును గంధకపు కొసలున్న అణువులతో బంగారు ఎలక్ట్రోడ్‌కు కట్టారు. అలా కట్టిన ఎంజైమ్ సెకనుకు దాదాపు 5,000 చొప్పున ఎలక్ట్రాన్లను బదిలీ చేసింది. సహజంగా ఆక్సిజన్‌కు అప్పగించేటప్పుడు ఆ వేగం సుమారు 700. ప్రకృతి పెట్టిన హద్దును ఒక్క రేణువు దాటించింది.

హెలర్ దారిలో ఇంత సొగసు లేదు. 1984లో ఆంథొనీ కాస్, ఆంథొనీ టర్నర్, అలెన్ హిల్ తదితరులు ఫెర్రోసీన్ అనే చిన్న అణువును ఎలక్ట్రాన్లు మోసే కూలీగా వాడి చూపించారు. వాడి పారేసే స్ట్రిప్‌కు అది చాలు. ఒంట్లో రోజుల తరబడి ఉండాల్సిన సెన్సర్‌లో మాత్రం అలాంటి చిన్న అణువు కారిపోతుంది. హెలర్ ఆస్మియం సమ్మేళనాలను ఒక పాలిమర్ గొలుసుకు కట్టేసి, ఆ గొలుసులను ఎంజైమ్‌తో కలిపి నీరు పీల్చే జిగురులా ఎలక్ట్రోడ్ మీద పట్టించారు. ఎలక్ట్రాన్ ఒక ఆస్మియం నుంచి పక్క ఆస్మియానికి గెంతుకుంటూ బయటికొస్తుంది. ఎంజైమ్ ఏ ముఖం పెట్టి కూర్చున్నా ఏదో ఒక గొలుసు దాని దగ్గరికి చేరుతుంది. పెరాక్సైడ్‌తో పని లేదు కాబట్టి వోల్టేజీ కూడా బాగా తగ్గింది. (ఆ గెంతులు కూడా నానోమీటర్లలోనే ఉంటాయి. అయినా దీన్ని నానో పదార్థమని ఎవరూ పొగడరు.)

ఫలితాల్లోనూ ఈ తేడా ఉంది. హెలర్ తన కుమారుడితో కలిసి 1996లో థెరాసెన్స్ కంపెనీ పెట్టారు. 0.3 మైక్రోలీటర్ల రక్తం చాలే మీటరు అక్కడి నుంచి వచ్చింది. 2004లో అబాట్ ఆ కంపెనీని కొనేసింది. 2014లో ఐరోపా మార్కెట్లోకి వచ్చిన ఫ్రీస్టైల్ లిబ్రే, భుజం మీద 14 రోజులు ఉండే ఆ బిళ్ళ, ఈ విద్య వారసురాలే. దానికీ లోపాలున్నాయి. విటమిన్ సి మాత్రలు ఎక్కువ మోతాదులో వేసుకుంటే రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు. విల్నర్ రేణువు మాత్రం ప్రయోగశాల గడప దాటలేదు. నా దృష్టిలో కారణం దాని సొగసులోనే ఉంది. ఎఫ్‌ఏడీని ఊడదీసి మళ్లీ అమర్చే పనిని లక్షల స్ట్రిప్‌ల మీద ఒకేలా చేయించడం తేలిక కాదు. అలాగని ఆ పనిని చిన్నచూపు చూడను. ఎంజైమ్‌కు తీగ ఎక్కడ తగిలించాలో అంత స్పష్టంగా చూపిన ప్రయోగం మరొకటి లేదు.

విల్నర్ పడ్డ శ్రమ అక్కర్లేదని, కార్బన్ నానో గొట్టాల మీదో గ్రాఫీన్ మీదో మామూలు ఎంజైమ్‌ను ఆరబెడితే చాలు, ఎలక్ట్రాన్లు నేరుగా వచ్చేస్తాయని చెప్పిన పత్రాలు కుప్పలుగా వచ్చాయి. 2016లో కాన్సస్‌కు చెందిన జార్జ్ విల్సన్, 2018లో సౌతాంప్టన్‌కు చెందిన ఫిలిప్ బార్ట్‌లెట్, అల్-లొలాగె ఆ వాదాన్ని కొట్టిపారేశారు. అక్కడ కనిపించే కరెంటు శిఖరం ఎంజైమ్‌లోంచి విడివడి గొట్టానికి అంటుకున్న ఎఫ్‌ఏడీ అనే ఫ్లావిన్‌ది. గ్లూకోజ్ కలిపితే కనిపించే మార్పు ఆక్సిజన్ ఖర్చు కావడం వల్ల వచ్చేది. నానో గొట్టాలు పెరాక్సైడ్‌ను తక్కువ వోల్టేజీకే పట్టగలవన్న మాట నిజమే. అది వేరే ప్రయోజనం.

ఎంజైమే వద్దనే మూడో వర్గం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నికెల్, రాగి ఆక్సైడ్ల నానో నిర్మాణాలు గ్లూకోజ్‌ను బాగానే ఆక్సీకరిస్తాయి. కాకపోతే ఆ పరీక్షలు ఎక్కువగా 0.1 మోలార్ కాస్టిక్ సోడాలో జరుగుతాయి. దాని పీహెచ్ 13, రక్తం పీహెచ్ 7.4. ప్లాటినం తటస్థ ద్రవంలో పనిచేస్తుంది కానీ రక్తంలోని క్లోరైడ్ దాన్ని మందగింపజేస్తుంది. పైగా ఈ లోహాలకు గ్లూకోజ్‌కూ ఫ్రక్టోజ్, మాల్టోజ్‌లకూ తేడా అంతగా తెలియదు. ఆ తేడా తెలియకపోతే ఏమవుతుందో మనం చూశాం. ఒక రకం స్ట్రిప్‌లలో పీక్యూక్యూ అనే సహాయక అణువుతో పనిచేసే ఎంజైమ్ మాల్టోజ్‌ను కూడా గ్లూకోజ్‌గా లెక్కగట్టి షుగర్ ఎక్కువ ఉన్నట్టు చూపేది. వాటితో ముడిపడిన 13 మరణాలు తమ దృష్టికి వచ్చాయని 2009లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఎంజైమ్ ఖరీదైనది, త్వరగా పాడవుతుంది అన్న ఫిర్యాదుతో మొదలయ్యే పత్రాలు నాకు విసుగు తెప్పిస్తాయి. మన ఇళ్లలో ఉన్న స్ట్రిప్ డబ్బా మీది గడువు తేదీ చూస్తే ఆ ఫిర్యాదు ఎంత పాతదో తెలుస్తుంది.

అసలు లోపం కొలబద్దలో ఉంది. నానో పత్రాలు మైక్రోమోలార్ స్థాయి గ్లూకోజ్‌ను పట్టామని గర్విస్తాయి. డెసిలీటరు రక్తంలో 100 మిల్లీగ్రాములంటే దాదాపు 5.5 మిల్లీమోలార్. బంగారం తూచే త్రాసులో బియ్యం బస్తా తూచినట్టుంటుంది. చెమటలో మాత్రం గ్లూకోజ్ రక్తంలో ఉన్నదానిలో వందో వంతు స్థాయిలో ఉంటుంది కాబట్టి అక్కడ ఆ సున్నితత్వం అవసరమే. 2016లో సియోల్ జాతీయ విశ్వవిద్యాలయం తయారుచేసిన బంగారం కలిపిన గ్రాఫీన్ పట్టీ అందుకు న్యాయమైన ప్రయత్నం. అయితే కన్నీటి గ్లూకోజ్‌ను కాంటాక్ట్ లెన్స్‌తో కొలవబోయిన వెరిలీ సంస్థ 2018లో ఆ పని ఆపేసింది. కన్నీటి అంకెకూ రక్తపు అంకెకూ నిలకడగా పొంతన కుదరలేదు.

దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. కాబట్టి ఈ వార్తలు మన పత్రికల్లో ఆగవు. ‘ఎంజైమ్ అక్కర్లేని నానో సెన్సర్’ అన్న శీర్షిక కనిపిస్తే, దాన్ని ఏ ద్రవంలో పరీక్షించారో ముందు వెతకండి. కాస్టిక్ సోడా అని ఉంటే ఇంట్లో ఉన్న గ్లూకోమీటర్‌ను అటక ఎక్కించకండి.