బీడు - మన సాహిత్యం చూడని నేల

తెలుగులో "బీడు" అన్న మాటకు పట్టిన దుర్గతి మరే మాటకూ పట్టలేదేమో. కవికి అది నిరాశకు గుర్తు. కథకునికి దారిద్ర్యానికి గుర్తు. అభ్యుదయవాదికి నాగలితో జయించవలసిన శత్రువు. బీడు పచ్చని చేనైతే విప్లవం సగం గెలిచినట్టే రాస్తూ వచ్చాం. ఆ నేలమీద అప్పటికే ఒక మనిషీ, అతని వెనుక ఒక మందా ఉన్న సంగతి మాత్రం మనకు కనపడలేదు.

ఈమధ్య తరగతిలో ఆ మాటకు అర్థం రాయమన్నాను. దాదాపు అందరూ "పనికిరాని నేల" అన్నారు. ఒక్క కుర్రవాడు "గొర్రెలు మేసే చోటు" అని రాశాడు. అతడు ఏ ఇంటినుంచి వచ్చాడో వేరే చెప్పనక్కరలేదు. మిగిలినవారి జవాబు పుస్తకం నేర్పింది, అతని జవాబు బతుకు నేర్పింది. బతుకు నేర్పిన అర్థం పుస్తకంలోకి ఎందుకు రాలేదన్నదే యీ వ్యాసం అడిగే ప్రశ్న.

జానపదుడు మనకంటె తెలిసినవాడు. గొల్లల వీరగాథ అయిన కాటమరాజు కథను చూడండి. కరువులో శ్రీశైల ప్రాంతం నుంచి ఆలమందలు దక్షిణానికి నడుస్తాయి. నెల్లూరు ప్రభువుతో పచ్చికకోసం ఒడంబడిక కుదురుతుంది. మేత మందలది, పుల్లరిగా కోడెదూడలు రాజువి. ఆ ఒడంబడిక చెడిపోయినప్పుడే యుద్ధం. శౌర్యాన్నీ దైవాన్నీ పక్కనపెడితే మిగిలేది గడ్డి ఎవరిదన్న తగాదా. ఇంత స్పష్టంగా ఆర్థిక పునాది కనిపించే వీరగాథలు మనకు ఎన్ని ఉన్నాయి? 1922లో పల్నాట కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలి అయిందీ పుల్లరి కోసమే. ఆయన్ను మనం జాతీయ వీరునిగా కీర్తించాం. మంచిదే. కాని ఆయన ప్రాణం పెట్టిన పచ్చికను మరచి కీర్తించాం.

ఆధునిక రచయితల్లో యీ మౌనాన్ని ధైర్యంగా ఛేదించినవారు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి. 2019లో తానా బహుమతి పొందిన "కొండపొలం" నవలలో, పట్నంలో ఉద్యోగం దొరకక తిరిగివచ్చిన యువకుడు కరువుకాలంలో తండ్రివెంట గొర్రెలతో నల్లమల ఎక్కుతాడు. గొర్రెకాపరి పనిలో ఉన్న జ్ఞానాన్ని ఆయన అందులో సానుభూతితో, అంతకంటె ముఖ్యంగా గౌరవంతో చిత్రించారు. అయినా ఒక మాట చెప్పక తప్పదు. నవల దృష్టి ప్రధానంగా అడవిమీదా, ఆ యువకుని గుండెనిబ్బరంమీదా నిలిచింది. ఊరి బీళ్ళు ఏమయినందువల్ల మంద కొండ ఎక్కవలసివచ్చిందన్న ప్రశ్న వెనుకనే ఉండిపోయింది. 2021లో వచ్చిన చలనచిత్రంలో ఆ యువకుడు అటవీశాఖ అధికారి అవుతాడు. కాపరి కొడుకు గట్టెక్కడం సంతోషమే. కాని వచ్చే కరువుకు తండ్రి మందను ఎటు తోలాలి? 1983 నుంచి నల్లమలలో చాలా భాగం పులుల రక్షితారణ్యం. దాని లోపలి భాగంలో మేత నిషిద్ధం. కొడుకు అధికారి అయినంతమాత్రాన ఆ నిషేధం సడలదు.

ఆ వెనుకబడిన ప్రశ్నకు జవాబు వెతకాలంటే కొండ దిగి నంద్యాల జిల్లా మిడుతూరు మండలానికి రావాలి. అక్కడి రోళ్ళపాడులో 1988లో బట్టమేక పక్షికోసం సుమారు 614 హెక్టార్ల గడ్డినేలను అభయారణ్యం చేశారు. పశువులను కట్టడి చేసిన చోట కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేలమీద పడ్డాయి. రైతు మండిపడ్డాడు. ఆ చుట్టుపక్కలే అలగనూరు జలాశయం వచ్చింది. నీరు పారిన చోట జొన్నచేలు తగ్గాయి, వాటితోపాటు చొప్పా తగ్గింది. పొరుగున గని, శకునాల గ్రామాల వద్ద దాదాపు 6 వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్కేంద్రం వెలిసింది. ఇంతా జరిగాక ఆ బట్టమేక పక్షి కనబడడమే గగనమైంది. దానికి మరీ ఏపుగా పెరిగిన గడ్డీ పనికిరాదు, మేసి నున్నచేసిన నేలా పనికిరాదు. మితంగా మేసిన పచ్చిక కావాలి. అంటే మందను విచ్చలవిడిగా వదిలినా ముప్పే, పూర్తిగా తరిమినా ముప్పే.

ఇక ప్రభుత్వ సహాయం సంగతి. 1977లో మొదలైన ఎరువుల రాయితీతో యూరియా చౌక అయింది. పొలంలో మంద నిలిపించుకుని, కాపరికి గింజలో డబ్బో ఇచ్చే రైతుకు ఆ అవసరం సన్నగిల్లింది. రైతుకూ కాపరికీ మధ్య ఉన్న పాత పొత్తు అక్కడే సడలింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన రైతు భరోసా ఏడాదికి 13,500 రూపాయలు ఇచ్చింది, సాగుదారునికే. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీతో 20 గొర్రెలూ ఒక పొట్టేలూ పంచింది. నేల ఉన్నవానికి డబ్బు, నేల లేనివానికి గొర్రె! ఆ గొర్రె మేయవలసిన బీడు మాత్రం ఏ పథకంలోనూ లేదు. రెవిన్యూ రికార్డులో అది పోరంబోకు. ఎవరికి కావలసినా ముందుగా దొరికేది అదే.

ఇక్కడే సాహిత్యానికి బాధ్యత ఉంది. రికార్డు రాసిన గుమస్తా, పథకం వేసిన అధికారి, పద్యం రాసిన అభ్యుదయ కవి - ముగ్గురి కళ్ళకూ బీడు ఖాళీగానే కనపడింది. మొదటి ఇద్దరి దృష్టి అధికారపు దృష్టి. మూడోవాడు వారిని ఎదిరిస్తున్నానని అనుకుంటూనే వారి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. భూమిలేని కూలికి భూమి కావాలన్న మన నినాదం న్యాయమైనదే, దాన్ని వదులుకొమ్మని నేననను. అయితే పేదవానికి పంచే ఎకరం మరో పేదవాని మేతనేల కావచ్చు. ఈ వైరుధ్యాన్ని చూడకపోతే మన కథల్లో ఒక పీడితుడు గెలిచినప్పుడల్లా ఇంకొక పీడితుడు కనబడకుండా పోతాడు.

కాపరిని అమాయకునిగా, పిల్లనగ్రోవి పట్టుకున్న బొమ్మగా గీయడం మానుకుందాం. అతడు రుతువునూ గడ్డినీ మార్కెట్టునూ ఎరిగిన శ్రామికుడు. బీడుమీద ఇకముందు కథ రాసేవారు కలం పట్టే ముందు ఒక పూట మంద వెంట నడవాలి. ఆ నేల ఖాళీగా లేదని తెలుసుకోవడానికి అంతకంటె ఎక్కువ అక్కరలేదు.