కోటిసార్లు లాగి చూశాక మాట్లాడదాం

వెల్డింగ్ ఎలా ఉందని అడిగితే టెన్సైల్ టెస్ట్ రిపోర్టు చేతిలో పెట్టేవాళ్లంటే నాకు చిరాకు. 5083, 6082 అల్యూమినియం రేకుల్ని లేజర్‌తో అతికి ఒక్క లాగు లాగితే, చాలాసార్లు అతుకు పక్కన, వేడికి మెత్తబడ్డ 6082లో తెగుతుంది. "చూశారా, అతుకు చెక్కుచెదరలేదు!" అని సంబరం. గతుకుల రోడ్ల మీద తిరిగే బండిని ఎవరు ఒక్కసారి లాగి వదిలేస్తారు?

అందుకే ఫెటీగ్ మెషిన్. తెగే బలంలో కొంత వంతే లోడు, కానీ సెకనుకు 20 సార్లు. కోటిసార్లు పూర్తవడానికి ఆరు రోజులకు కాస్త తక్కువ పడుతుంది. ఇరవై లక్షల దగ్గర ఆపేద్దామనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఉక్కుకైతే లోడుకు ఒక హద్దు ఉంది, దానికి లోపల ఎన్నిసార్లు కుదిపినా తట్టుకుంటుందని కొంత ధీమా. అల్యూమినియానికి అంత స్పష్టమైన హద్దు లేదు.

విరిగిన ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి, పగులు నడిచిన గీతల వెంట వెనక్కి పోవడం నాకిష్టమైన పని. ఆ దారి చాలావరకు ఉపరితలం దగ్గరి గాలిబుడగ దగ్గరో, అతుకు అంచున పడిన సన్నని గాడి దగ్గరో ఆగుతుంది. బుడగకు కారణాలు రెండు. 5083లో మెగ్నీషియం ఎక్కువ. అది 1100 డిగ్రీలు దాటకుండానే మరిగిపోతుంది. లేజర్ తొలిచే గుంతలో వేడి అంతకు చాలా ఎక్కువ కాబట్టి, ఆవిరి తన్నుకొచ్చి గుంత కూలుతుంది. రెండోది తేమ. కరిగిన అల్యూమినియం హైడ్రోజన్‌ని బాగా పీలుస్తుంది, గడ్డకట్టేటప్పుడు దాదాపు అంతా వదిలేస్తుంది. విశాఖ వానాకాలంలో రేకును అప్పటికప్పుడు గీకి తుడవకుండా వెల్డింగ్‌కు పెట్టడం నా దృష్టిలో కక్కుర్తే.

ఎయిర్‌బస్ ఎ318 పొట్ట భాగంలో రివెట్లు తీసేసి, లోపలి బద్దెల్ని లేజర్‌తో అతికారు. బరువు తగ్గింది, రివెట్ రంధ్రాలూ పోయాయి. అయితే రివెట్ల జోడింపులో రేకు చీలినా బద్దె విడిగా నిలబడి కొంత ఆపుతుంది. అతికిన చోట పగులు రేకులోంచి నేరుగా బద్దెలోకి ఎక్కగలదు.

అంతర్జాతీయ వెల్డింగ్ సంస్థ సిఫార్సుల్లో ఫెటీగ్ తరగతిని నిర్ణయించేది అతుకు ఆకారమూ నాణ్యతా, మిశ్రమం గట్టిదనం కాదు. ఇది చూపించినా, ఇంకా గట్టి గ్రేడు కొందామనేవాళ్లు ఆగరు. ఆ డబ్బుతో ముందు అతుకు అంచులు నునుపు చేయించమంటాను.