అభిమాని అభిప్రాయం – కథన విమర్శ

2014 నుంచి హిందూపురం శాసనసభ్యుడైన బాలకృష్ణకు పెనుకొండ, ధర్మవరాల్లోనూ అభిమానులున్నారు. 1999లో బి. గోపాల్ దర్శకత్వంలో వచ్చిన 'సమరసింహారెడ్డి'లో ఫ్లాష్‌బ్యాక్ అదిరిందని అభిమాని అంటాడు. అది అనుభూతి, ఎందుకు అదిరిందో చెబితే విమర్శ.

గమనించండి: హోటల్లో పనిచేసే అబ్బులు అసలెవరో చాలాసేపు చెప్పరు. ప్రేక్షకుడు ఎదురుచూస్తాడు. కాబట్టి బలం కథలో కన్నా కథనక్రమంలో ఉంది. ఇంతవరకు అభిమాని తీర్పు సరైనదే.

అయితే అతడు అడగని ప్రశ్న ఒకటుంది. ఈ కథనం ఎవరి వైపు నిలబడింది? నాయకుడి పగ పెరిగేకొద్దీ ఊరు చిన్నదవుతుంది. ధర్మవరం మగ్గం, కరువు, వలస ఆ చట్రంలో ఇమడవు. తర్వాత వరుసగా వచ్చిన ఫ్యాక్షన్ చిత్రాలు సీమకు కత్తినే గుర్తుగా మిగిల్చాయి.

అభిమానం తప్పు కాదు. కానీ తెరమీద మీ ఊరిని మీరు గుర్తుపట్టగలిగారా? ఆలోచించి రాయండి.