మూత ముందే ఎక్కించాలి

కరెంటు పని నేర్చుకునే కుర్రాళ్ల కోసం మొదటిసారి పాఠం రాసినప్పుడు, వేలాడే బల్బుకు హోల్డర్ బిగించడాన్ని 11 మెట్లుగా విడగొట్టాను. రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా. ఆ కాగితం చేతికిస్తే ఒకడు అక్షరం పొల్లుపోకుండా చేసుకుపోయాడు. వైరు కొసలు సిద్ధం చేశాడు, రాగిపోగులు మెలిపెట్టాడు, స్క్రూలు బిగించాడు. తొమ్మిదో మెట్టు దగ్గర ఆగి నా వంక చూశాడు. "సార్, మూత బిగించమన్నారు. ఇప్పుడెట్లా ఎక్కేది?"

మూత బల్ల మీదే ఉంది. స్క్రూలన్నీ మళ్లీ విప్పాడు పాపం.

వైరుకు ముందే మూత ఎక్కించుకోవాలని నా చేతికి తెలుసు. చేతికి అంత బాగా తెలుసు కాబట్టే రాసేటప్పుడు నాకు తట్టలేదు. పని రానివాడు పాఠం రాస్తే తప్పులుంటాయి. బాగా వచ్చినవాడు రాస్తే ఖాళీలుంటాయి. ఖాళీలే ఎక్కువ ప్రమాదం, పని తెలిసినవాళ్లెవరికీ కనపడవు.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికాలో ఫ్యాక్టరీ మేస్త్రీలకు పని నేర్పే పద్ధతి నేర్పారు. ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అని పేరు, 1940 నుంచి 45 దాకా నడిచింది. తర్వాత జపాన్ కూడా దాన్ని అందిపుచ్చుకుంది. ఆ తరగతిలో వాడిన నమూనా పని ఏమిటో తెలిశాక నాకు నవ్వొచ్చింది: కరెంటు వైరుకు వేసే ముడి! ఎలా వేయాలో శిక్షకుడు ముందు నోటితో చెబుతాడు, ఎవరికీ రాదు. తర్వాత నోరు మెదపకుండా వేసి చూపిస్తాడు, అదీ రాదు. అప్పుడు అసలు పద్ధతి మొదలు: కొంచెం కొంచెంగా చూపిస్తూ, చెబుతూ, చేయిస్తూ, చేసేవాడితోనే చెప్పించడం. వాళ్లు రాసుకునే కాగితంలో రెండే గళ్లు. ఒకదాంట్లో మెట్టు, పక్కదాంట్లో ఆ మెట్టు చెడకుండా, చెయ్యి తెగకుండా, పని సుళువుగా సాగడానికి కావలసింది. మన మేస్త్రీల మాటలో కిటుకు.

నా 11 మెట్లలో ఆ ముడీ ఉంది. "ముడి వేయాలి" అని మాత్రమే రాశాను. సగంమంది వేయలేదు, సోకు కోసమనుకున్నారు. బల్బు పట్టుకుని ఎవరైనా లాగితే బరువు ముడి మీద ఆగుతుంది, స్క్రూల దాకా పోదు. ఈ ఒక్క ముక్క రాశాక మానేసినవాడు లేడు. మన ఐటీఐ పుస్తకాల్లో థియరీ ఒకటి, ప్రాక్టికల్ ఒకటి. పరీక్షలకు ఆ ఏర్పాటు బాగుంటుందేమో గానీ, ముడి పక్కనే దాని కారణమూ ఉండాలని నా పట్టుదల.

భాష సంగతి చెప్పాలంటే సిగ్గే. "విద్యున్నిరోధక పొరను తొలగించవలెను" అని రాసిన ఘనుణ్ణి నేను. "తొక్క తీయడమేనా సార్?" అని అడిగారు. ఫొటోలు ఎదురుగా నిలబడి తీయించాను, అందరికీ కుడిఎడమలు తారుమారయ్యాయి. ఇప్పుడు కెమెరా పనివాడి భుజం మీదుగానే చూస్తుంది.

ఈమధ్య స్విచ్‌బోర్డు పాఠం రాసి, ఎప్పుడూ స్క్రూడ్రైవర్ పట్టని మా ఆవిడకిచ్చాను. మొదటి మెట్టు "మెయిన్ ఆపాలి". అక్కడే ఆగింది.

"మీరు ఆపొచ్చారు సరే, ఫ్యాన్ ఆగిందని ఎవరో వెళ్లి మళ్లీ వేస్తే?"

ఫ్యూజు పీకి జేబులో వేసుకోవడం నాకు ముప్పై ఏళ్ల అలవాటు. రాయలేదు.